మన చల్లగది

రెడ్డెమ్మది మదనపల్లె దగ్గర ఒక పల్లె. ఆ చుట్టుపక్కల ఎక్కడ చూసినా టమాట తోటలే. మదనపల్లె టమాట మార్కెట్టు చాలా పెద్దది. అక్కడ ఒక రోజు ఉన్న ధర ఇంకో రోజు ఉండదు. ధర ఉంటే ఇంట్లో పండగ. ధర పడిపోతే కోత కూలి కూడా రాదు. కాయలు రోడ్డు పక్కన పారబోసి, ఖాళీ క్రేట్లతో ఇల్లు చేరిన రోజులు రెడ్డెమ్మకు చాలా గుర్తున్నాయి.

"నాలుగు దినాలు కాయను ఆపుకోగలిగితే చాలు. సగం బాధ తీరుతుంది" అనేది రెడ్డెమ్మ.

రెడ్డెమ్మ పొదుపు సంఘంలో పది మంది ఆడవాళ్లు. అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. బ్యాంకులో అప్పు తీసుకున్నారు. కొంత సబ్సిడీ వచ్చింది. ఊరి చివర చింతచెట్టు పక్కన ఒక చిన్న కోల్డ్ రూము కట్టించారు. ఊళ్లో అందరూ దాన్ని చల్లగది అంటారు.

అది 5 టన్నుల గది. 5 టన్నులంటే 5000 కిలోలు. 25 కిలోల క్రేట్లయితే 200 క్రేట్లు పడతాయి.

గది చూసుకునే పని రెడ్డెమ్మకు ఇచ్చారు. రెడ్డెమ్మ భయపడింది. నలభై ఏళ్లు దాటినాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన మనిషి ఆమె.

"నాకు వచ్చింది నాలుగు అక్షరాలు. ఈ మిషన్ల పని నాకెందుకమ్మా?" అంది.

"నాలుగు అక్షరాలు, పది అంకెలు వస్తే చాలు వదినా. ఈ గదికి కావలసింది అవే" అంది సంఘం లీడరు నాగరత్నమ్మ.

మొదటి తప్పు

గది కొత్తలో అందరికీ సంబరమే. గంగులమ్మ అందరికంటే పెద్దది. ఆమె మిషను మీద అంకెలు చూసింది. 13 అని ఉంది.

"ఇదేం చలి? ఇంకా తగ్గించండి. చలి ఎంత ఉంటే కాయ అంత బాగుంటుంది" అంది.

ఎవరో మీట నొక్కి 4కు తగ్గించారు. దోర టమాటలు, అరటికాయలు లోపల పెట్టారు. తొమ్మిది రోజుల తర్వాత తీశారు. టమాటలు చూడడానికి బాగానే ఉన్నాయి. అరటికాయల తొక్క మాత్రం నల్లబడింది.

టమాటలు బయటికి వచ్చిన రెండు రోజులకు అసలు సంగతి తెలిసింది. కాయ ఎర్రబడలేదు. మచ్చలు మచ్చలుగా రంగు తిరిగింది. తొక్క మీద గుంటలు పడ్డాయి. అక్కడినుంచి కుళ్లు మొదలైంది. అరవై క్రేట్లు పారబోశారు.

"చల్లగది కొనింది పారబోసేదానికా?" అని ఊళ్లో మగవాళ్లు నవ్వారు.

ఉద్యానవన శాఖ నుంచి ఒక మేడం వచ్చింది. గది చూసింది. కాయ కోసి చూసింది.

"కాయకు చలి దెబ్బ తగిలింది. ఎండదెబ్బ మనిషికి తగిలినట్టే ఇదీ. దోర టమాట, అరటి, మామిడి మరీ ఎక్కువ చలికి ఓర్చుకోలేవు" అని చెప్పింది. అందరినీ చెట్టు కింద కూర్చోబెట్టింది.

కాయ కూడా ఊపిరి పీలుస్తుంది

కోసినంత మాత్రాన కాయ చచ్చిపోదు. మనలాగే ఊపిరి పీలుస్తూ ఉంటుంది. ఊపిరి పీల్చే కొద్దీ తనలోని చక్కెర ఖర్చవుతుంది. నీరు ఆవిరవుతుంది. వేడి పుడుతుంది. కాయ పండుతుంది. తర్వాత మెత్తబడుతుంది. చివరికి కుళ్లుతుంది.

ఎండలో కాయ ఊపిరి వేగంగా ఆడుతుంది. చల్లదనంలో నెమ్మదిస్తుంది. సుమారుగా 10 డిగ్రీలు వేడి పెరిగితే, ఆ వేగం రెండు మూడు రెట్లు అవుతుంది. అందుకే ఎండాకాలం కాయ త్వరగా పోతుంది.

చల్లగది చేసే పని ఒకటే. కాయ ఊపిరిని నెమ్మది చేస్తుంది. దోర టమాటను సరైన చలిలో పెడితే రెండు వారాల దాకా ఆపుకోవచ్చు. కానీ కుళ్లిన కాయను చల్లగది బాగుచేయలేదు. మంచి కాయ పెడితేనే మంచి కాయ వస్తుంది.

మిషను ఏం చేస్తుంది?

"మిషను చలిని పుట్టిస్తుంది గదా మేడం?" అని అడిగింది రెడ్డెమ్మ.

"కాదమ్మా. ఎండాకాలం నీళ్ల కుండకు తడిగుడ్డ చుడతారు. ఎందుకు?"

"నీళ్లు చల్లగా ఉంటాయని."

"గుడ్డలో తడి ఆరుతూ కుండలోని వేడిని లాక్కుపోతుంది. ఇక్కడా అంతే. గొట్టాల్లో ఒక ద్రవం ఉంటుంది. గది లోపల అది ఆవిరి అవుతుంది. అవుతూ లోపలి వేడిని పట్టుకుంటుంది. బయటి మిషను దగ్గరికి వచ్చి ఆ వేడిని వదిలేస్తుంది. మళ్లీ ద్రవమవుతుంది. మళ్లీ లోపలికి పోతుంది. మిషను లోపలి వేడిని బయటికి మోస్తుంది. అది కూలిమనిషి. దాని కూలి మన కరెంటు బిల్లు."

ఆ మాట రెడ్డెమ్మకు బాగా పట్టింది. లోపలికి వేడి ఎంత పోతే మిషనుకు మోత అంత ఎక్కువ. మోత పెరిగితే బిల్లు పెరుగుతుంది.

ఏ కాయకు ఎంత చలి?

మేడం చెబుతుంటే రెడ్డెమ్మ పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసింది. ఆ అట్ట ఇప్పటికీ గది తలుపు పక్కన ఉంది.

క్యారెట్, క్యాబేజీ, కొత్తిమీర – 0 నుంచి 2 డిగ్రీలు
బీన్స్ – 5 నుంచి 7 డిగ్రీలు
పచ్చిమిర్చి, బెండకాయ – 7 నుంచి 10 డిగ్రీలు
ఎర్రగా పండిన గట్టి టమాట – 8 నుంచి 10 డిగ్రీలు
వంకాయ, కీరదోస – 10 నుంచి 12 డిగ్రీలు
దోర టమాట – 12 నుంచి 13 డిగ్రీలు
అరటికాయ, మామిడికాయ – 13 నుంచి 14 డిగ్రీలు

గది ఒకటే. గదిలో చలి కూడా ఒకటే. కాబట్టి ఒకే చలికి ఓర్చుకునే వాటినే కలిపి పెట్టాలి.

ఇంకో సంగతి ఉంది. పండే కాయలు ఒక వాయువును విడుస్తాయి. పచ్చి మామిడికాయల బుట్టలో ఒక పండు పెడితే అన్నీ త్వరగా పండుతాయి. దానికి కారణం ఆ వాయువే. పండు పక్కన కొత్తిమీర పెడితే ఆకు పసుపుబారుతుంది. కీరదోస కూడా పసుపు తిరుగుతుంది. అందుకే పండ్లను, ఆకుకూరలను కలిపి పెట్టకూడదు.

ఉల్లిగడ్డకు పొడి గాలి కావాలి. కూరగాయల చల్లగదిలో తేమ ఎక్కువ. అందులో ఉల్లిగడ్డ పెట్టకూడదు. చేపలు, మాంసం పెట్టకూడదు. పురుగుమందు డబ్బాలు అసలే పెట్టకూడదు.

లోపల పెట్టే ముందు

కాయను తెల్లవారుజామున కోయాలి. అప్పుడు కాయ చల్లగా ఉంటుంది. కోసినాక నీడలో పెట్టాలి. మధ్యాహ్నం ఎండలో కోసిన కాయ నిప్పు మూటలాంటిది. దాన్ని లోపల పెడితే మిషను రాత్రంతా ఆ వేడినే మోస్తుంది.

పగిలినవి, పుచ్చులు, కుళ్లినవి ఏరివేయాలి. నీళ్లు కారే కాయలు పెట్టకూడదు. ఒకే రోజు గది నిండా వేడి కాయలు నింపకూడదు. రోజుకు ఎంత పెట్టవచ్చో మిషను అమర్చిన వాళ్లను అడిగి, రాసి పెట్టుకోవాలి.

పేర్చే పద్ధతి

చల్లగాలి ప్రతి క్రేటుకూ తగలాలి. గాలి పోయేదానికి దారి ఉండాలి. రెడ్డెమ్మ దీన్ని ఇట్లా గుర్తు పెట్టుకుంది.

గోడకు బెత్తెడు.
పైకప్పుకు మూరెడు.
నడుమ మనిషి నడిచేంత దారి.
ఫ్యాను ముందర అంతా ఖాళీ.

క్రేట్లు నేల మీద పెట్టకూడదు. కింద చెక్కలు వేసి వాటి మీద పెట్టాలి. చిల్లులున్న ప్లాస్టిక్ క్రేట్లు మంచివి. గోనె సంచుల్లో గాలి ఆడదు. వరసలు నిటారుగా ఉండాలి. చేతికి అందనంత ఎత్తు పేర్చకూడదు. 25 కిలోల క్రేటు మీద పడితే చిన్న దెబ్బ కాదు.

ప్రతి వరసకు తేదీ చీటీ కట్టాలి. ముందు వచ్చింది ముందు పోవాలి. లేకపోతే పాత సరుకు మూలన పడి కుళ్లుతుంది. ఆ కుళ్లు పక్కవాటికి తగులుతుంది.

తలుపు తెరిస్తే డబ్బు పోతుంది

తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లగాలి బయటికి పోతుంది. వేడిగాలి లోపలికి వస్తుంది. అందుకే ఏం తీయాలో ముందే అనుకోవాలి. ఒకేసారి పోయి, అన్నీ తీసుకుని రావాలి. తలుపు దగ్గర ప్లాస్టిక్ పట్టీల తెర ఉంటుంది. అడ్డంగా ఉందని దాన్ని పైకి కట్టేయకూడదు. వచ్చేటప్పుడు లైటు ఆపాలి. లైటు కూడా వేడి పుట్టిస్తుంది.

తలుపు అంచుకు రబ్బరు పట్టీ ఉంటుంది. అది చిరిగితే చలి కారిపోతుంది. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూయాలి. కాగితం లాగాలి. గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగుంది. సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయింది.

బయటి మిషను వేడిగాలి వదులుతుంది. దాని చుట్టూ ఖాళీ ఉండాలి. దుమ్ము పట్టకూడదు. ఒక రోజు గంగులమ్మ ఆ వేడిగాలి ముందు వడియాల చేట పెట్టింది. బాగా ఎండుతాయని ఆమె ఆశ. గాలికి అడ్డం పడింది. మిషను ఆగకుండా తిరిగింది. వడియాలు ఎండాయి గానీ, ఆ వడియాల ఖరీదు కరెంటు బిల్లులో తేలింది.

లోపలి ఫ్యాను వెనక గొట్టాలకు మంచు పడుతుంది. కొద్దిగా ఉంటే మిషను తానే కరిగించుకుంటుంది. మందంగా పేరుకుంటే అది దుప్పటి కప్పినట్టే. చలి బయటికి రాదు. అప్పుడు మెకానిక్‌ను పిలవాలి. కత్తితో, ఇనుప కడ్డీతో మంచు పొడవకూడదు. గొట్టం పగిలితే గ్యాసు కారిపోతుంది.

కరెంటు పోతే తలుపు తెరవకూడదు. గోడల్లో రెండు రేకుల నడుమ గట్టి నురుగు ఉంటుంది. అది చలిని కొన్ని గంటలు కాపాడుతుంది. కరెంటు వచ్చినాక మిషను కొన్ని నిమిషాలు ఆగి మొదలవుతుంది. తొందరపడి స్విచ్చి వేస్తూ తీస్తూ ఉండకూడదు.

రెడ్డెమ్మ పుస్తకం

రెడ్డెమ్మ రోజుకు మూడుసార్లు పుస్తకం రాస్తుంది. ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 8 గంటలకు. తేదీ, గంట, డిగ్రీలు రాస్తుంది. వచ్చిన క్రేట్లు, పోయిన క్రేట్లు రాస్తుంది. రోజుకు ఒకసారి కరెంటు మీటరు అంకె రాస్తుంది.

నిన్న మీటరు 4312. ఈ రోజు 4344. తేడా 32. అంటే 32 యూనిట్లు ఖర్చయ్యాయి.

ఒక వారం ఆ తేడా 32 నుంచి 47కు పెరిగింది. కాయలు పెరగలేదు. ఎండ పెరగలేదు. "మరి ఈ 15 యూనిట్లు యాడికి పోయినట్టు?" అనుకుంది రెడ్డెమ్మ. కాగితంతో తలుపు పరీక్ష చేసింది. కింది మూలన కాగితం ఊడి వచ్చింది. ఎలుక రబ్బరు కొరికింది. రబ్బరు మార్చారు. మరుసటి రోజు తేడా 33.

మిషనుకు నోరు లేదు. దాని బాధ అంకెల్లోనే తెలుస్తుంది.

పలక మీద పేరు

మేడం ఇంకో నియమం కూడా పెట్టింది. తలుపు పక్కన ఒక పలక, బలపం వేలాడదీసింది.

"లోపలికి పోయే మనిషి పలక మీద పేరు రాయాలి. బయటికి వచ్చినాక చెరిపేయాలి. పలక మీద పేరు ఉంటే తలుపుకు గడియ పడకూడదు."

"పేరు రాస్తే చలి తగ్గుతుందా ఏంది?" అని నవ్వింది గంగులమ్మ. అయినా రాసేది. ఆమె సంతకం నేర్చి ఏడాది కూడా కాలేదు. ఎప్పుడూ 'గంగులమ' అనే రాసేది. కింద మ వత్తు మరిచిపోయేది. రెడ్డెమ్మ ఎగతాళి చేసేది.

ఒక సాయంత్రం లారీ వచ్చింది. అందరూ తొందరలో ఉన్నారు. యాభై క్రేట్లు ఎక్కించారు. గంగులమ్మ లోపల వెనక వరసలో చెడిన కాయలు ఏరుతోంది. లారీతో వచ్చిన పిల్లోడు గది ఖాళీ అనుకున్నాడు. తలుపు మూసి గడియ పెట్టాడు. లైటు ఆపాడు. లారీ వెళ్లిపోయింది.

గంగులమ్మ కేకలు పెట్టింది. ఫ్యాను హోరులో ఆ కేక బయటికి రాలేదు. చీకట్లో తడుముకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు లోపలి వైపు ఒక బుడిపె ఉంటుంది. బయట గడియ పడినా, దాన్ని నొక్కితే తలుపు తెరుచుకోవాలి. ఆమె నొక్కింది. బుడిపె కదలలేదు. అది బిగుసుకుపోయి ఎన్ని రోజులైందో ఎవరికీ తెలియదు. రోజూ దాన్ని నొక్కి చూడవలసింది రెడ్డెమ్మ. చూడలేదు.

రాత్రి 8 గంటలకు రెడ్డెమ్మ డిగ్రీలు రాసేదానికి వచ్చింది. బయట డిగ్రీల అంకె చూసింది. పుస్తకంలో రాసింది. ఇంటికి పోబోతూ పలక చూసింది. వంకర అక్షరాలతో 'గంగులమ' అని ఉంది.

రెడ్డెమ్మ గుండె జల్లుమంది. గడియ లాగింది.

గంగులమ్మ తలుపు దగ్గరే ముడుచుకుని ఉంది. చీరకొంగు తలకు చుట్టుకుని వణుకుతోంది. లోపల 12 డిగ్రీలు. దాదాపు గంట సేపు ఉంది. రెడ్డెమ్మ ఆమెను బయటికి తెచ్చింది. దుప్పటి కప్పింది. వేడి వేడి టీ తాగించింది.

"తప్పు నాదే అత్తా. బుడిపె చూడలేదు" అని ఏడ్చింది రెడ్డెమ్మ.

కాసేపటికి గంగులమ్మ నోట మాట వచ్చింది. "తప్పు రాస్తానని ఎగతాళి చేస్తావే. ఆ తప్పు రాత చదవబట్టే గదా తలుపు తీసినావు!"

ఆ రోజు గదిలో ఉన్నది 12 డిగ్రీలు. క్యారెట్ల కోసం 1 డిగ్రీలో ఉండి, తెల్లవార్లూ ఎవరూ రాకపోయి ఉంటే, ఆ మనిషి దక్కేది కాదేమో.

మరుసటి రోజు సంఘం కూర్చుంది. బుడిపెకు నూనె వేయించారు. లోపల తాడు లాగితే బయట మోగేటట్టు గంట కట్టారు. బయటి గడియ తీయించేశారు. తాళం చెవి ఒక్క మనిషి దగ్గరే ఉండాలని తీర్మానం రాసుకున్నారు. పది మందీ సంతకాలు చేశారు. గంగులమ్మ ఈసారి మ వత్తు పెట్టింది.

ప్రాణానికి జాగ్రత్తలు

1. రోజూ ఉదయం లోపలి బుడిపె నొక్కి చూడాలి. గంట మోగించి చూడాలి.
2. ఒంటరిగా లోపలికి పోకూడదు. బయట ఒక మనిషి ఉండాలి. పేరు పలక మీద ఉండాలి.
3. మూసే ముందు లోపలికి పోయి, ప్రతి వరస వెనక చూడాలి. "ఎవరన్నా ఉన్నారా?" అని పిలవాలి.
4. గది నిండా సరుకు ఉండి చాలాసేపు మూసి ఉంటే, కాయల ఊపిరితో లోపలి గాలి చెడుతుంది. తలుపు తెరిచి, కాసేపు ఆగి పోవాలి. తల తిరిగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే బయటికి రావాలి.
5. స్వెటరు, చెప్పులు వేసుకోవాలి. పిల్లలను లోపలికి రానీయకూడదు.
6. నేల తడి తుడవాలి. తడి నేల మీద జారితే నడుము విరుగుతుంది.
7. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకూడదు. కడిగే ముందు మెయిన్ ఆపాలి. ఎర్త్ సరిగా ఉందో లేదో కరెంటు పని తెలిసిన వాళ్లతో చూపించాలి. లైను సమస్య ఉంటే 1912కు ఫోను చేయాలి.
8. గోడల్లోని నురుగుకు నిప్పు అంటుకుంటే విషపు పొగ వస్తుంది. బీడీ, అగరుబత్తి, దీపం గది దగ్గర వద్దు. ఆయుధపూజ నాడు హారతి కూడా దూరంగానే ఇవ్వాలి.
9. నిప్పు అంటుకుంటే అందరూ బయటికి రావాలి. వీలైతే మెయిన్ ఆపాలి. కరెంటు ఉన్నచోట నీళ్లు పోయకూడదు. 101కి ఫోను చేయాలి.

పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసే వారికి

గుంటూరు చుట్టుపక్కల మిర్చి దాచే పెద్ద కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. ఇలాంటి పెద్ద గిడ్డంగుల్లో ఎక్కువగా అమ్మోనియా గ్యాసు వాడతారు. దాని వాసన చాలా ఘాటు. అది లీకయితే కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు కాలిపోతాయి.

ఘాటు వాసన వస్తే పని వదిలి బయటికి రావాలి. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవాలి. గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపు నడవాలి. కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. 108కి ఫోను చేయాలి. సరుకు కోసం, చెప్పుల కోసం మళ్లీ లోపలికి పోకూడదు. పనిలో చేరిన రోజే "బయటికి పోయే దారులు ఎన్ని? ఎక్కడ?" అని అడగాలి. అలా అడిగే హక్కు కూలివాళ్లకు ఉంది.

ఇప్పుడు

చల్లగది ధరను పెంచలేదు. అది ఎవరి చేతిలోనూ లేదు. కానీ ధర పడిన రోజే అమ్ముకోవలసిన అవసరం తప్పింది. రెడ్డెమ్మ వాళ్లు నాలుగు రోజులు ఆగుతారు. మార్కెట్టు ధర ఫోనులో అడుగుతారు. గది అద్దె, కరెంటు ఖర్చు లెక్క వేస్తారు. లాభం ఉంటేనే ఆపుతారు. లేదంటే అమ్మేస్తారు.

సాయంత్రం చల్లబడినాక సరుకు బయటికి తీస్తారు. మధ్యాహ్నం తీస్తే చల్లటి కాయకు చెమట పడుతుంది. ఆ తడికి బూజు పడుతుంది.

రాత్రి 8 గంటలు. రెడ్డెమ్మ తలుపు దగ్గరికి వస్తుంది. ముందు పలక చూస్తుంది. తర్వాతే డిగ్రీలు చూస్తుంది.

ఆలోచించండి – చెప్పండి

1. 4 డిగ్రీల చలిలో దోర టమాట ఎందుకు చెడిపోయింది?
2. మిషను చలిని పుట్టిస్తుందా? వేడిని మోస్తుందా?
3. తలుపు రబ్బరు చిరిగిన సంగతి రెడ్డెమ్మకు ఎలా తెలిసింది?
4. గంగులమ్మ లోపల చిక్కుకుపోవడానికి ఎన్ని తప్పులు కారణం? అవి ఏమిటి?
5. మీరు పనిచేసే చోట బయటికి పోయే దారి ఎక్కడ ఉంది?

లెక్క చేయండి

నిన్న మీటరు 5120. ఈ రోజు 5155. ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయి?
గదిలో 140 క్రేట్లు ఉన్నాయి. 35 వచ్చాయి. 60 పోయాయి. ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?

రాయండి

పలక మీద మీ పేరు రాయండి. పక్కవాళ్ల చేత చదివించండి. తర్వాత వాళ్ల పేరు మీరు చదవండి.